పోటీ పరీక్షల నోట్సును పీడీఎఫ్‌గా అమ్మేటప్పుడు కొనేవారికి ముందుగా చెప్పవలసినవి

మీ ప్రశ్నలోని సంగతిని ముందు క్లుప్తంగా చెప్తాను. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధిస్తూ, సాయంత్రాలు గ్రూప్స్ అభ్యర్థులకు పాఠాలు చెబుతూ, తెలంగాణ గ్రూప్-2 నాలుగో పేపరు కోసం మీరు రాస్తూ వచ్చిన నోట్సు ఇప్పుడు దాదాపు మూడు వందల పేజీలయింది. మొదటి రెండు భాగాలు పూర్తయ్యాయి, మూడోది సగంలో ఉంది. దాన్ని పీడీఎఫ్‌గా ఇస్తే డబ్బు పెట్టి కొనుక్కుంటామని మీ దగ్గర చదువుకున్నవాళ్లే అడుగుతున్నారు. అయితే టెలిగ్రామ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఇటువంటి ఫైళ్లకు వస్తున్న ప్రకటనలను చూశాక, ఆ వరుసలో నిలబడటానికి మీకు మనసొప్పడం లేదు. గొప్పలు చెప్పకుండా, తొందరపెట్టకుండా అమ్మితే ఎవరైనా కొంటారా, ఎంత ధర పెట్టాలి, ఎవరైనా ఫైలును ఉచితంగా పంచేస్తే ఏం చేయాలి అని అడిగారు.

కొంటారండి. పోటీ పరీక్షల మెటీరియల్ తయారుచేసి అమ్మే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. అయితే అబద్ధం ఆడకపోతే నిజాయితీగా అమ్మినట్టేనని మీరు భావిస్తున్నట్టు మీ ప్రశ్ననుబట్టి అనిపించింది. ఫైలు అమ్మేవారికి అంతకన్నా పెద్ద బాధ్యత ఉంది. కోఠిలో పుస్తకాల దుకాణం ముందు నిలబడిన అభ్యర్థి పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటాడు, విషయసూచిక చూస్తాడు, తనకు బాగా తెలిసిన అధ్యాయాన్ని తిరగేసి రాసినవారికి విషయం తెలుసో లేదో రెండు నిమిషాల్లో పసిగడతాడు, నచ్చకపోతే అక్కడే పెట్టేసి వెళ్లిపోతాడు. పీడీఎఫ్ కొనేవాడికి ఈ అవకాశం లేదు. డబ్బు కట్టిన తరువాతే ఫైలు తెరుచుకుంటుంది, తెరుచుకున్న ఫైలును తిరిగి ఇచ్చేయడం అన్నది ఆచరణలో కుదిరే పని కాదు. అందువల్ల, డబ్బు కట్టకముందు అతను చదివే మీ వివరణ ఒక్కటే అతని చేతిలో ఉన్న ఆధారం. ఆ వివరణ చదివి, తనకు అవసరం లేనివాడు కొనకుండా వెళ్లిపోగలిగితేనే మీరు దాన్ని సరిగా రాసినట్టు. నా సలహాలో మిగిలినదంతా ఈ ఒక్క విషయం నుంచి వచ్చేదే.

మీ విషయంలోనే చూడండి. నాలుగో పేపరు పేరు 'తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం'. సిలబస్ దాన్ని 1948–1970, 1971–1990, 1991–2014 అని మూడు కాలాలుగా విడదీసింది. మొత్తం 600 మార్కుల పరీక్షలో ఈ పేపరుకు 150 మార్కులు. మీ దగ్గర పూర్తయినవి మొదటి రెండు కాలాలే. 'గ్రూప్-2 నాలుగో పేపరు నోట్సు' అని మాత్రమే పైన రాసి, మూడో భాగం సగమే ఉందన్న సంగతిని విషయసూచికలో పదిహేనో వరుసలో పెడితే, అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా ఉండదు. అయినా కొన్నవాడు మోసపోయాననే అనుకుంటాడు, అతను అలా అనుకోవడం న్యాయమే. కాబట్టి వివరణ మొదలే ఇలా ఉండాలని నా అభిప్రాయం:

'ఇది తెలంగాణ గ్రూప్-2 నాలుగో పేపరులోని మొదటి రెండు భాగాలకు (1948–1970, 1971–1990) తెలుగులో రాసిన నోట్సు. మూడో భాగం (1991–2014) ఇందులో లేదు. పాఠం వివరంగా ఉంటుంది కనుక మొదటిసారి చదివేవారికి ఉపయోగపడుతుంది; పరీక్షకు పది రోజుల ముందు పునశ్చరణ కోసం వెతుకుతున్నవారికి ఇది పెద్దదవుతుంది. బహుళైచ్ఛిక ప్రశ్నలు లేవు. ఇంగ్లిష్ మాధ్యమంలో రాసేవారికి పనికిరాదు. మొదటి అధ్యాయం మొత్తం ఉచితంగా ఇక్కడే చదువుకోవచ్చు.'

దీని కింద పేజీల సంఖ్య, అక్షరాల పరిమాణం, ఫైలు ఎన్ని ఎంబీలు ఉంటుంది, చివరిసారి ఏ నెలలో సవరించారు, రాసినవారు ఎవరు, ఎన్నేళ్లుగా ఈ విషయం బోధిస్తున్నారు అన్నవి రాయండి. మీ పేరు, మీ చదువు, మీ అనుభవం దాచుకోవలసిన అవసరం లేదు. ఎవరు రాశారో తెలియని ఫైళ్లే ఎక్కువగా తిరుగుతున్న ఈ రంగంలో, తన పేరు పెట్టి తప్పు దొరికితే నన్ను అడగండని చెప్పే ఉపాధ్యాయురాలికి ఉండే విలువను ఏ ప్రకటనా తేలేదు. ఉచితంగా ఇచ్చే అధ్యాయం విషయంలో ఒక జాగ్రత్త తీసుకోండి. మీరు అన్నిటికన్నా బాగా రాశాననుకునే అధ్యాయాన్ని ఏరి ఇవ్వకండి. వరుసలో మొదటిదే ఇవ్వండి, అదీ సగంలో ఆపకుండా పూర్తిగా ఇవ్వండి. మిగతా నోట్సు కూడా ఇదే స్థాయిలో ఉంటుందని చదివేవాడు నమ్ముతాడు, ఆ నమ్మకం తరువాతి పేజీల్లో నిలబడాలి.

ఇక మీరు అడగని విషయం ఒకటి, కానీ అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది. ఈ మూడు వందల పేజీల్లో మీవి ఎన్ని? తరగతి గదిలో వాడుకునే నోట్సులో ఎవరైనా నాలుగు చోట్ల నుంచి తెచ్చుకుంటారు, అందులో తప్పేమీ లేదు. దానికి వెల కట్టిన రోజున పరిస్థితి మారుతుంది. తెలుగు అకాడమీ పుస్తకాల్లోని పేరాలు, ఏదో కోచింగ్ సంస్థ ఇచ్చిన హ్యాండవుట్లలోని పట్టికలు, పత్రికల విద్యా పేజీల్లోని వ్యాసాలు యథాతథంగా మీ ఫైలులో ఉంటే, అవి మీరు అమ్మకూడనివి. అసలు సంగతులకు కాపీరైటు లేదు. పెద్దమనుషుల ఒప్పందం 1956 ఫిబ్రవరి 20న కుదిరిందనేది ఎవరి సొత్తూ కాదు. దాని నేపథ్యాన్ని ఒక రచయిత వివరించిన వాక్యాలు మాత్రం ఆ రచయితవే. శ్రమపడి సమాచారాన్ని ఒకచోట చేర్చినంత మాత్రాన కాపీరైటు రాదని, కొంత నైపుణ్యం, కొంత స్వంత నిర్ణయం అందులో కనబడాలని సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. మీ నోట్సులో మీదైనది ఏమిటన్న ప్రశ్నకు ఈ కొలత బాగా పనికొస్తుంది. ఏది ముందు చెప్పాలి, దేన్ని దేనితో పోల్చాలి, 1969 ఉద్యమాన్ని ముల్కీ నిబంధనల (స్థానికులకే ఉద్యోగాలన్న పాత నియమాల) గొడవతో ఎలా ముడిపెట్టి వివరించాలి అన్న మీ ఎంపికలే మీ సొంతం.

చట్టాల పాఠం విషయంలో కొంత వెసులుబాటు ఉంది. 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం శాసనసభలో లేదా పార్లమెంటులో ఆమోదించిన చట్టాన్ని వ్యాఖ్యానంతోనో మరేదైనా సొంత రచనతోనో కలిపి ప్రచురించవచ్చు. రేపు మూడో భాగంలో 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలోని సెక్షన్లను ఉదహరించి మీ వివరణ జోడించడానికి అడ్డంకి లేదు. పాత ప్రశ్నపత్రాలను మాత్రం కట్టగట్టి అమ్మే ఆలోచన పెట్టుకోకండి. వాటిని పరీక్ష నిర్వహించే పబ్లిక్ సర్వీస్ కమిషన్ తన వెబ్‌సైటులో ఉచితంగానే ఉంచుతుంది. ఉచితంగా దొరికేదానికి డబ్బు తీసుకోవడం, అది ఉచితమన్న సంగతి తెలియని పల్లెటూరి అభ్యర్థి అమాయకత్వాన్ని సొమ్ము చేసుకోవడమే. ప్రశ్నపత్రాలు దొరికే చోటికి లింకు ఇచ్చి, ఏ ప్రశ్న మీ నోట్సులోని ఏ పేజీకి సంబంధించినదో ఒక పట్టిక ఇవ్వండి. ఆ పట్టిక మీ శ్రమ, దానికి వెల కట్టవచ్చు.

ఇదే సందర్భంలో ఏఐతో రాయించిన నోట్సు గురించి కూడా చెప్పాలి. ఈ మధ్య వస్తున్న చాలా ఫైళ్లు చాట్‌జీపీటీలాంటి వాటితో ఒక్క పూటలో తయారు చేసినవే. వాడటమే నేరమని నేను అనను. వాక్యం సరిచూసుకోవడానికో, విషయసూచిక అమర్చుకోవడానికో వాడితే అభ్యంతరం లేదు. కానీ పాఠాన్నే దానితో రాయించి సొంత నోట్సని అమ్మడం మోసం. తెలంగాణ ఉద్యమ చరిత్రలాంటి విషయంలో అది ప్రమాదం కూడా, ఎందుకంటే సంవత్సరాలు, కమిటీల పేర్లు, జీవోల సంఖ్యలు తప్పుగా ఉన్నా ఆ వాక్యాలు నమ్మకంగానే వినిపిస్తాయి. మీరు ఎక్కడైనా దాని సాయం తీసుకుంటే, ఎంతవరకు తీసుకున్నారో వివరణలో ఒక వాక్యం రాయండి.

తప్పుల విషయంలో కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన అభ్యర్థి నష్టపోయేది ఇక్కడే. ఆరు సూత్రాల పథకం 1973, రాష్ట్రపతి ఉత్తర్వులు 1975, 610 జీవో 1985 డిసెంబరు 30. ఈ మూడింటిలో ఒక్క సంవత్సరం అటూ ఇటూ అయితే, ఒక మార్కు తేడాతో ఉద్యోగం పోయే పరీక్షలో, మిమ్మల్ని నమ్మి చదివినవాడు ఆ తప్పునే ఓఎంఆర్ పత్రంలో దిద్ది వస్తాడు. ఫైలు విడుదల చేసే ముందు ప్రతి తేదీనీ, ప్రతి జీవో సంఖ్యనూ మరో నోట్సుతో పోల్చి ఊరుకోకుండా, వీలైనంతవరకు మూలపత్రంతో సరిచూడండి. ఇంత చేసినా తప్పులు మిగులుతాయి. అందుకని మీ అమ్మకం పేజీలోనే, కొననివారికి కూడా కనబడేలా, సవరణల పట్టిక ఒకటి ఉంచండి. ఏ పేజీ, ఏ పేరా, ముందు ఏముంది, ఇప్పుడు ఏం చదువుకోవాలి, ఏ తేదీన సరిచేశారు అన్న ఐదు గడులు చాలు. కొన్న ప్రతివారికీ సవరించిన ఫైలు ఉచితంగా వెళ్లాలి. తప్పులను బయటపెట్టుకుంటే అమ్మకాలు పడిపోతాయని భయపెట్టేవాళ్లు ఉంటారు. నేను చూసినంతలో ఆ పట్టిక చదివి కొన్నవాళ్లే ఎక్కువ. తప్పును సరిదిద్దే మనిషి ఒకరు వెనక ఉన్నారని వాళ్లకు అది చెబుతుంది.

ఫైలు తయారీలో కూడా నిజాయితీకి పని ఉంది. మీ నోట్సును డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో కొట్టించి ఉంటే, తెర మీద చూడటానికి అది చక్కగానే ఉంటుంది. ఒకసారి ఫోనులో ఆ పీడీఎఫ్ తెరిచి, వెతికే గడిలో 'ముల్కీ' అని తెలుగులో కొట్టి చూడండి. ఆ మాట ఇరవై పేజీల్లో ఉన్నా ఒక్కటీ దొరకదు. ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. చూపు లేని అభ్యర్థి తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినాలనుకుంటే ఒక్క ముక్క అర్థం కాదు. పాత ఫాంట్లలో అక్షరాల బొమ్మలు ఇంగ్లిష్ సంకేతాల మీద కూర్చుని ఉండటమే దీనికి కారణం. పీడీఎఫ్ కొనేవాడు కాగితం మీద దొరకని సౌలభ్యం కోసమే, అంటే మాటను వెతికి చటుక్కున ఆ పేజీకి వెళ్లడం కోసమే కొంటాడు. కనుక యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలుండే పద్ధతిలోకి మార్పించండి. మార్చేటప్పుడు వత్తులు, అరసున్నలు, పొల్లులు చెదురుతాయి కాబట్టి మళ్లీ ప్రూఫు చూడక తప్పదు. అంత సమయం లేకపోతే 'ఈ ఫైలులో మాటలు వెతకడం కుదరదు' అని వివరణలో స్పష్టంగా రాసి అమ్మండి.

ఇంకొకటి, కొన్నవాళ్లలో చాలామంది ఫైలును నేరుగా జిరాక్స్ సెంటర్‌కు తీసుకెళ్లి ప్రింటు తీయించుకుని స్పైరల్ బైండింగ్ చేయించుకుంటారు. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో పరీక్షల కాలంలో జరిగేది ఇదే. పేజీ అంతా రంగుల నేపథ్యం, ప్రతి శీర్షికకూ ముదురు నీలం పట్టీ, మధ్యలో పెద్ద వాటర్‌మార్కు పెడితే నలుపు తెలుపు ప్రింటులో పేజీ మసిబారి అక్షరాలు కనబడవు. ఎడమవైపు జాగా వదలకపోతే బైండింగ్ రంధ్రాలు అక్షరాల మీద పడతాయి. తెల్లని నేపథ్యంతో, ఎడమవైపు కనీసం అంగుళం జాగాతో ఏ4 ఫైలు ఒకటి, ఫోనులో చదివేవాళ్లకు పెద్ద అక్షరాలతో ఇరుకు పేజీల ఫైలు ఒకటి, రెండూ ఒకే ధరకు ఇవ్వండి. ప్రింటు ఖర్చు కొన్నవాడే భరిస్తాడు కనుక, పేజీల సంఖ్య పెద్దదిగా కనబడటానికి అక్షరాలు సాగదీయడం, ఖాళీ పేజీలు చేర్చడం అతని జేబుకు చిల్లు పెట్టడమే.

ఇప్పుడు మీకు వెగటు పుట్టించిన ప్రకటనల దగ్గరకు వస్తాను. 'మా నోట్సు చదివినవారికి ఉద్యోగం గ్యారంటీ', 'పేపరులో 90 శాతం ప్రశ్నలు మా మెటీరియల్ నుంచే' అన్న మాటలు వాడకూడదనేది మర్యాదకు మాత్రమే సంబంధించినది కాదు, చట్టం కూడా అదే చెబుతోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. సివిల్స్ కోచింగ్ సంస్థలు కొన్నిటికి ఆ సంస్థ జరిమానాలు వేసినప్పుడు బయటపడిన పద్ధతి గమనించదగినది. ర్యాంకు వచ్చినవాళ్లలో చాలామంది ఆ కోచింగ్ సంస్థలు ఇచ్చిన ఉచిత ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే హాజరైనవారు. ఆ సంగతి దాచి, వాళ్ల ఫొటోల పక్కన లక్షల రూపాయల ఫీజు కోర్సుల ప్రకటనలు వేశారు. ఆ అనుభవం తరువాత 2024 నవంబరు 13న కోచింగ్ రంగానికి ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. విజేత పేరు, ఫొటో వాడాలంటే ఎంపికైన తరువాత వారి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, వారు ఏ కోర్సు చదివారో, దానికి డబ్బు కట్టారో లేదో చెప్పాలి, షరతులను చిన్న అక్షరాల్లో దాచకుండా ప్రకటన ఎంత పరిమాణంలో ఉందో అంతే పరిమాణంలో వేయాలి. అవి యాభై మందికి పైగా విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లను ఉద్దేశించినవి కాబట్టి మీ ఒక్క పీడీఎఫ్‌కు నేరుగా వర్తించకపోవచ్చు. వర్తించినా వర్తించకపోయినా మీరు వాటినే పాటించండి. మీ దగ్గర తరగతులు విని ఉద్యోగం తెచ్చుకున్న విద్యార్థి ఉన్నాడనుకుందాం. అతను ఈ నోట్సు చదవలేదు, మీ పాఠం విన్నాడు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాను ప్రకటనలో చెప్పే ఓపిక ఉంటేనే అతని పేరు వాడండి.

పాఠకుల అభిప్రాయాల విషయంలోనూ ఇదే పద్ధతి. అమ్మేవారే కొనుగోలుదారుల వేషంలో సమీక్షలు రాయకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. మీరు ఫైలును ఉచితంగా ఇచ్చిన స్నేహితుల మెచ్చుకోలు పెట్టదలిస్తే 'ఉచిత ప్రతి అందుకున్నవారు' అని పక్కనే రాయండి. యూట్యూబ్‌లో పరీక్షల విశ్లేషణలు చేసేవారికి డబ్బో, కమీషనో ఇచ్చి చెప్పిస్తే, ఆ సంగతి వాళ్లు ఆ వీడియోలోనే, మాట్లాడే భాషలోనే వెల్లడించాలి. వాట్సాప్ సంభాషణల స్క్రీన్‌షాట్లను పూర్తిగా మానేయమని నా సలహా. పేర్లు చెరిపితే నమ్మకం కలగదు, చెరపకపోతే అవతలివారి ఫోను నంబరు వీధిన పడుతుంది. వచ్చిన అభిప్రాయాల్లో విమర్శ ఉంటే దాన్నీ ఉంచండి. 'భాష కొంచెం పాఠ్యపుస్తకంలా ఉంది, నాకు చదవడం కష్టమైంది' అని ఒకరు రాస్తే, అటువంటి భాష ఇష్టపడని మరో పదిమంది అది చదివి కొనకుండా ఉంటారు. మీకు పది కొనుగోళ్లు తగ్గుతాయి, అసంతృప్తితో రాసే పది సందేశాలు కూడా తగ్గుతాయి.

తొందరపెట్టడం గురించి ఒక్క మాట చాలు. పీడీఎఫ్‌కు నిల్వ అయిపోవడమనేది ఉండదు. 'ఇంకా ఏడు కాపీలే మిగిలాయి', 'ఈ రాత్రి 12 తరువాత ఈ ధర ఉండదు' అని రాసి మర్నాడు అదే ధరకు అమ్మడం 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ పాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవారిని మభ్యపెట్టే ఎత్తుగడలు) మార్గదర్శకాల్లోని పదమూడు నిషిద్ధ పద్ధతుల్లో ఒకటి. 1,999 అని రాసి కొట్టేసి 249 అని పెట్టడం కూడా అటువంటిదే, 1,999కి మీరు ఒక్కరికైనా నిజంగా అమ్మి ఉంటే తప్ప.

ధర ఎంత అని అడిగారు. నా లెక్క ఇది. ఇదే విషయంపై అచ్చులో ఉన్న మంచి పుస్తకం ధర చూడండి, మీ ఫైలును ప్రింటు తీయించి బైండింగ్ చేయించడానికి అభ్యర్థికి మీ ఊళ్లో ఎంతవుతుందో కనుక్కోండి. మీ ధర, ఆ ప్రింటు ఖర్చు కలిపితే అచ్చు పుస్తకం ధరను బాగా మించిపోతే, అతను పుస్తకమే కొనుక్కోవడం మేలు, ఆ సంగతి అతనికీ తెలుసు. రెండు భాగాలకు కలిపి మీరు అనుకుంటున్న 999 రూపాయలు నాకు ఎక్కువగానే కనిపిస్తోంది. మూడు వందల చుట్టూ పెట్టి, ఏడాదంతా ఆ ధర మార్చకుండా ఉంచండి. నోటిఫికేషన్ వెలువడిన వారంలో అందరూ ధర పెంచుతారు. మీరు పెంచకపోతే, ముందు కొన్నవారికీ తరువాత కొన్నవారికీ మీ మీద ఒకే గౌరవం ఉంటుంది. పేమెంట్ గేట్‌వే సాధారణంగా 2 శాతం చుట్టుపక్కల, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది, అంటే 300 రూపాయల మీద ఏడు రూపాయల చిల్లర. దాన్ని 'కన్వీనియన్స్ ఫీజు' అని చివరి తెర మీద కలపకుండా ధరలోనే చేర్చి చూపండి.

పన్ను సంగతి వివరంగా మీ ఆడిటర్‌ను అడగాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. సేవలకు సంబంధించి ఏడాది టర్నోవరు 20 లక్షల లోపు ఉన్నవారికి మామూలుగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు. నమోదు లేనివారు పన్ను పేరిట కొనేవారి దగ్గర ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. నంబరు లేకుండానే 'జీఎస్టీ అదనం' అని వేసేవాళ్లను చూసి మీరూ అలా చేయవద్దు. డబ్బు అందగానే పేరు, ఫైలు పేరు, మొత్తం, తేదీ ఉన్న రశీదు ఈమెయిల్‌కు వెళ్లేలా చూసుకోండి. కొన్నవారి ఫోను నంబరు ఫైలు పంపడానికి తీసుకున్నది, వారిని అడగకుండా ప్రచారపు వాట్సాప్ గ్రూపులో చేర్చడానికి మీకు హక్కు లేదు.

డబ్బు వాపసు విషయంలో 'డిజిటల్ ఫైలు కనుక ఎట్టి పరిస్థితిలోనూ వాపసు లేదు' అన్న వాక్యం చాలాచోట్ల కనబడుతుంది. ఆ వాక్యం రాసుకున్నంత మాత్రాన బాధ్యత తీరదు. చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోకుండా, డబ్బు తిరిగి ఇవ్వకుండా ఉండటానికి ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. ఫైలు తెరుచుకోకపోయినా, చెప్పిన అధ్యాయం లేకపోయినా, పొరపాటున రెండుసార్లు డబ్బు కట్టినా వెంటనే తిరిగి ఇచ్చేస్తానని రాయండి. 'చదివాను, నచ్చలేదు' అనేవారికి ఏం చేయాలన్నది మీ ఇష్టం. నేనైతే వారం లోపు అడిగినవారికి కారణం అడగకుండా ఇచ్చేస్తాను. ఉచిత అధ్యాయం చదివి కొన్నవారిలో అలా అడిగేవారు చాలా తక్కువ. ఏ విధానం పెట్టుకున్నా, అది డబ్బు కట్టే బటన్‌కు పైన ఉండాలి, కింద కాదు. ఫిర్యాదు చేయడానికి ఒక ఈమెయిల్ ఇచ్చి, 48 గంటల్లో అందినట్టు జవాబివ్వండి. గడువు విషయంలో ఆ నియమాలు చెప్పేది కూడా ఇదే.

చివరగా, ఫైలును ఉచితంగా పంచేస్తే ఏమిటన్న మీ భయం. పంచుతారు. మీ నోట్సు బాగుంటే తప్పకుండా ఏదో ఒక టెలిగ్రామ్ ఛానల్‌లోకి చేరుతుంది. దానికి విరుగుడని పాస్‌వర్డులు, ప్రింటు తీయనివ్వని తాళాలు, ఒక్క ఫోనులోనే తెరుచుకునే యాప్‌లు అమ్మేవారు మీ వెంట పడతారు. వాటివల్ల ఇబ్బందిపడేది డబ్బు కట్టినవాడే, దొంగతనంగా పంచేవాడు స్క్రీన్‌షాట్లు తీసి అయినా పంచుతాడు. ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో కొన్నవారి పేరు, ఆర్డరు సంఖ్య అచ్చయ్యేలా చేస్తే చాలు. ఫోను నంబరు వేయకండి, ఫైలు బయటికి పోతే వారి నంబరు కూడా పోతుంది. అలా పేరు వేస్తామన్న సంగతి కొనకముందే చెప్పండి. కాపీరైటు నమోదు చేసుకోకపోయినా హక్కు మీదే, కాకపోతే వివాదం వస్తే నమోదు పత్రం సాక్ష్యంగా పనికొస్తుంది, సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. ఫైలు ఏదైనా ఛానల్‌లో కనబడితే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ముందు ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. పోటీ పరీక్షలకు బోధించే ఉపాధ్యాయురాలు నీతూ సింగ్ తన మెటీరియల్‌ను పంచుతున్న ఛానళ్లపై వేసిన కేసులో, ఆ ఛానళ్లు నడిపేవారి వివరాలు వెల్లడించాలని 2022 ఆగస్టు 30న ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. అజ్ఞాతంగా ఉన్నామని ధీమాగా ఉండే కాలం ఆ తీర్పుతో కొంత మారింది. అయినా మీ సమయంలో ఎక్కువ భాగం వాళ్ల వెనక పరుగెత్తడానికి పోకుండా చూసుకోండి. దొంగ కాపీ ఎప్పుడూ ఒక పాత కాపీయే. సవరణలు, కొత్త పేజీలు, సందేహానికి మీ జవాబు డబ్బు కట్టినవారికే అందుతాయి. వాళ్లను మీ దగ్గర నిలబెట్టేవి అవే.

మూడో భాగం పూర్తయ్యే వరకు ఆగాలా అని కూడా మీ ప్రశ్న చివర ఉంది. ఆగనక్కర్లేదు. మొదటి రెండు భాగాలనూ 'మొదటి రెండు భాగాలు' అన్న పేరుతోనే, పైన చెప్పిన ధరకే ఇప్పుడు అమ్మండి. ముందుగా మీ పాత విద్యార్థుల్లో నలుగురైదుగురికి ఇచ్చి, తేదీలు, ఫోనులో వెతకడం, ప్రింటు ఈ మూడూ వారి చేత పరీక్షింపజేయండి. మూడో భాగానికి ముందస్తుగా డబ్బు తీసుకోవద్దు, 'త్వరలో' అన్న మాట కూడా వాడవద్దు. అది సిద్ధమైన రోజున విడిగా ధర పెట్టి, మొదటి రెండు కొన్నవారికి ఆ ధరలో కొంత తగ్గించి, ఒకే ఒక్క ఈమెయిల్ పంపండి.